ఆపరేషన్ నొప్పికి ఏది మేలు: కరెంటు సూదులా, టెన్స్ ప్యాడ్లా?

"ఆపరేషన్ అయ్యాక మందులు మానేసి ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ చేయించుకుంటే సరిపోతుందా?" ఈమధ్య వారానికి ఒకరైనా అడుగుతున్నారు. సూదులు గుచ్చి వాటిలోంచి చిన్నగా కరెంటు పంపడమే ఈ ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. మానేయడం కుదరదండీ. మార్ఫినో, మాత్రలో ఎలాగూ ఉంటాయి. ఈ కరెంటు సూదుల్లో, టెన్స్ ప్యాడ్లలో వాటి మోతాదు ఏది ఎక్కువ తగ్గిస్తుందన్నదే పోటీ.

తగ్గితే ఏమొస్తుందంటారా? మార్ఫిన్ జాతి మందులతో వికారం, మగత, మలబద్ధకం వెంటే వస్తాయి. పొట్ట మీద పచ్చి కుట్లున్న మనిషి దిండు అదుముకుని వాంతి చేసుకోవడం ఒక్కసారి చూస్తే ఇక ఆ ప్రశ్న అడగరు.

ముందు సూదుల సంగతి. 2002లో తైవాన్ వైద్యులు పొత్తికడుపు ఆపరేషన్‌కి వచ్చిన 100 మంది ఆడవాళ్ల మీద దీన్ని పరీక్షించారు. మత్తు ఇవ్వకముందే 20 నిమిషాలు, రెండు కాళ్లకీ మోకాళ్ల కింద సూదులు. ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే మొదటి 24 గంటల్లో వాడిన మార్ఫిన్ 2 హెర్ట్జ్ (సెకనుకి రెండుసార్లు తగిలే) కరెంటుతో 43 శాతం, 100 హెర్ట్జ్‌తో 61 శాతం తగ్గింది. కరెంటు లేకుండా సూది మాత్రం గుచ్చినవాళ్లలోనూ 21 శాతం తగ్గింది. నేను ఎక్కువసేపు ఆగింది ఈ 21 దగ్గరే. సూదికీ నమ్మకానికీ కలిపి దక్కిన వాటా అది. ఆపైనదంతా కరెంటు పుణ్యం. ఉత్త సూదుల గురించి అడిగేవాళ్లకి వేరే జవాబు అక్కర్లేదు.

కరెంటు ఏం చేస్తుందో బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే పరిశోధకుడి బృందం ఎలుకల్లో తేల్చింది. 2 హెర్ట్జ్‌కి ఎన్‌కెఫలిన్, బీటా ఎండార్ఫిన్, 100కి డైనార్ఫిన్. అన్నీ ఒంట్లో పుట్టే మార్ఫిన్‌లే. అందుకే చాలా యంత్రాల్లో రెంటినీ మార్చి మార్చి ఇచ్చే మీట ఉంటుంది.

ఇక టెన్స్. చర్మం మీద అంటించే ప్యాడ్లు, సూదుల్లేవు. దీన్నీ తీసిపారేయలేం. 1997లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో అరచేతి వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే హెగు అనే ఆక్యుపంక్చర్ బిందువు మీదా, కోత పక్కనా ప్యాడ్లు పెట్టారు. కరెంటు గట్టిగా ఇస్తే నొప్పి మందు 65 శాతం తగ్గింది, మెల్లగా ఇస్తే 34, ఉత్తుత్తి ప్యాడ్లకి 23.

అంటే సూదా ప్యాడా అన్నదానికన్నా కరెంటు ఎంత గట్టిగా తగిలిందన్నదే అసలు సంగతి అని నా లెక్క. నేను సూదుల వైపు మొగ్గేదీ అందుకే. ప్యాడ్ల మీట రోగి చేతిలో ఉంటుంది. చర్మం చురుక్కుమనగానే తగ్గించేసి, "టెన్స్ పనిచేయలేదండీ" అంటారు. సూది కండలోకి దిగుతుంది కాబట్టి పైన మంట తక్కువ. 2 హెర్ట్జ్ దగ్గర మోకాలి కింద కండ సెకనుకి రెండుసార్లు టక్ టక్‌మని ఎగురుతుంది; తగినంత అందుతోందో లేదో పక్కనున్నవాళ్లకీ కనిపిస్తుంది. పైగా పొట్టకి ఆపరేషన్ అయితే సూదులు కాళ్లకి, కట్టు జోలికే పోనక్కర్లేదు.

ఆక్యుపంక్చర్ పేరు అమెరికాలో మారుమోగింది 1971లో, జేమ్స్ రెస్టన్ అనే విలేఖరికి బీజింగ్‌లో అపెండిక్స్ తీశాక. సూదులతోనే మత్తిచ్చి కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, మత్తు మామూలు ఇంజెక్షన్‌దే. సూదులు తర్వాత, పొట్ట ఉబ్బరానికి.



కాబట్టి ఆస్పత్రిలో చేయి తిరిగినవాళ్లుంటే మత్తుకి ముందే సూదులు పెట్టించుకోండి. ఇంటికొచ్చాక టెన్స్ చాలు. పేస్‌మేకర్ ఉన్నా, గర్భంతో ఉన్నా డాక్టర్ సరేననందే రెండూ వద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సూదుల మాట సర్జన్‌ని అడిగాకే. ఏది ఎంచుకున్నా మత్తు డాక్టర్‌కి ముందురోజే చెప్పండి, మందుల లెక్క వేసేది ఆయనే.