పదివేల లోపు ల్యాప్‌టాప్ స్పీకర్లు: కోనసీమ ఉప్పుగాలిలో కొన్నేళ్లు వాడాక

పదివేల లోపు పెట్టి ల్యాప్‌టాప్‌కి స్పీకర్లు కొనేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే. 2.1 సెట్టు, అంటే రెండు చిన్న పక్క డబ్బాలూ, కింది శబ్దాల కోసం వేరే సబ్ వూఫర్ డబ్బా ఉన్న సెట్టు, దాని జోలికి పోకండి. ఆ డబ్బంతా రెండే రెండు మంచి పెట్టెల మీద పెట్టండి.

నేను వాడుతున్నది ఎడిఫైయర్ కంపెనీ ఆర్1280టి అనే రెండు పెట్టెల జత. ఒక్కో పెట్టెలో కింది శబ్దాలకి 4 అంగుళాల వూఫరు, పై శబ్దాలకి 13 మిల్లీమీటర్ల సిల్క్ డోమ్ ట్వీటరు, రెండు పెట్టెలూ కలిపి 42 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు శక్తి). నాకు ఎనిమిది వేల పైచిలుకు పడింది. పండగ ఆఫర్లని బట్టి అటూ ఇటూ అవుతుంది. మా ఊరు అమలాపురానికి దిగువన, సముద్రపు గాలి తగిలే చోట. పగలంతా వీటిలో ఆఫీసు మీటింగులు, పొద్దుగూకాక సంగీతం.

స్పీకరు మంచిదా కాదా అని చూడడానికి నాకు బాలమురళీకృష్ణ గారి గొంతు చాలు. 1930లో మా రాజోలు వైపు శంకరగుప్తంలో పుట్టిన మనిషి కదా, ఆ అభిమానం ఎటూ ఉంది. అంతకంటే ముఖ్యం, ఆయన మంద్రంలోకి దిగినా తారస్థాయికి వెళ్లినా గొంతు నిండుదనం తగ్గదు. చవక 2.1 సెట్లలో పక్క డబ్బాలు బాగా చిన్నవి. గొంతులోని కింది భాగం వాటివల్ల కాదు, దాన్ని సబ్ వూఫర్ అందుకుంటుంది. బాగా కింది శబ్దాలైతే ఎటునుంచి వస్తున్నాయో చెవికి తెలియదు గానీ, మగవాళ్ల గొంతు పలికే చోట ఇట్టే తెలిసిపోతుంది. అందుకే పై స్వరాలు ఎదురుగా వినిపిస్తూ, మంద్రం మాత్రం బల్ల కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ఈ రెండు పెట్టెల్లో గొంతు ఎక్కడికీ జారదు, సరిగ్గా స్క్రీన్ మధ్యలో నిలబడుతుంది. మృదంగం తొప్పి (ఎడమవైపు మూత) మీద చేయి ఒత్తి జార్చినప్పుడు ఆ జారుడంతా వినపడుతుంది, ఉత్త "ధబ్" కాదు.

లోటు కూడా చెప్పాలి. కంపెనీ లెక్కలోనే ఇవి కిందికి 75 హెర్ట్జ్ దాకానే పలుకుతాయి. సినిమాలో పేలుళ్లకి గుండె అదరాలంటే ఇవి సరిపోవు. బ్లూటూత్ లేదు. అది నాకు లోటనిపించలేదు, బ్లూటూత్ పెట్టిన చోట వీడియోలో పెదాలకీ మాటకీ పొత్తు కుదరక విసుగొస్తుంది. వాల్యూమ్, బేస్, ట్రెబుల్ తిప్పే బిరడాలు కుడి పెట్టె పక్కన ఉంటాయి, కాబట్టి గోడకి ఆనించి ఇరికించకండి. ఇంకో మాట, డబ్బా మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ లెక్క) అని వేల వాట్లు రాసిన సరుకుని పట్టించుకోవద్దు. ఆర్‌ఎంఎస్ ఎంతో రాయని పెట్టెని అక్కడే వదిలేయండి.

ఇక హమ్మింగ్. మా వైపు పాత ఇళ్లలో స్పీకర్లు కొన్న ప్రతివాళ్లూ దీని గురించి అడుగుతారు. ల్యాప్‌టాప్‌కి ఛార్జరు పెడితే సన్నగా జుయ్‌మంటుంది, తీస్తే ఆగిపోతుంది. స్పీకరు పాడైందని వెనక్కి పంపేవాళ్లున్నారు. ల్యాప్‌టాప్ రేకు మీద వేలు ఆనించి చూడండి. జివ్వుమంటే జబ్బు ప్లగ్గులో ఉంది. ఛార్జరు లోపలి ఫిల్టరు కొద్దిపాటి కరెంటుని ఎర్తులోకి వదలాలి. ఎర్తు లేకపోతే అది ల్యాప్‌టాప్ ఒంట్లోనే ఉండిపోయి, ఆడియో వైరు దారిన స్పీకర్లలోకి వచ్చేస్తుంది. మా ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి, "ఈ గదిలోకి ఎర్తు వైరే లాగలేదండి, ఫ్యానుకీ లైటుకీ ఎందుకులే అని వదిలేసుంటారు" అన్నాడు. వైరు లాగించాక ఇల్లంతా నిశ్శబ్దం. డెల్టాలో నీళ్లు పైనే ఉంటాయి, నేల తడి ఆరదు, ఎర్తు గుంత బాగా పనిచేస్తుంది. ఇంత మంచి నేల ఉంచుకుని దాన్ని వాడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇది స్పీకర్ల కోసమే కాదు, మనిషి ప్రాణానికి సంబంధించిన సంగతి.

తుపాను రోజుల్లో ఇన్వర్టరు మీద వింటుంటే వచ్చే రొద వేరే. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే లోపల ట్రాన్స్‌ఫార్మరున్న ఏ స్పీకరైనా గొణుగుతుంది. మామూలు కరెంటులాగే ఇచ్చే సైన్ వేవ్ రకం మీద ఆ గోల ఉండదు.

మన గాలికి తట్టుకోవాలంటే కోను చుట్టూ ఉండే అంచుని చూడండి. రబ్బరైతే సరే. ఫోము అంచు ఉక్కకి మెత్తబడి కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. మా పెద్దమ్మగారింట్లో ఒక పాత సెట్టు అలాగే పోయింది. వెనక ఆడియో వైరు గుచ్చే ఆర్‌సీఏ పిన్నులకి ఉప్పుగాలి వల్ల చిలుము పడుతుంది, ఒకవైపు శబ్దం సన్నగిల్లుతుంది. వానాకాలం వెళ్లాక కరెంటు తీసేసి, పిన్నులు లాగి పొడిగుడ్డతో తుడిచి పెడుతుంటాను. పెట్టెలు ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన పలక) చెక్కవి, తడి గచ్చు మీద పెడితే అడుగు ఉబ్బిపోతుంది.

బల్ల మీద పెట్టినా ట్వీటరు చెవి ఎత్తుకి రావాలి. కింద పాత పుస్తకాలు నాలుగు పెట్టినా చాలు. రెండు పెట్టెల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ మీకూ మధ్య అంతే ఉండాలి. గోడకి కనీసం జానెడు ఎడం ఇవ్వండి, మూలకి తోస్తే కింది శబ్దం ఉబ్బి గొంతుని మింగేస్తుంది. టైల్స్ వేసిన కొత్త డాబా గదుల్లో మాట గంగాళంలో పలికినట్టు మోగుతుంది. మీ వెనక పరుపో, దళసరి కర్టెనో ఉంటే తేడా మొదటి పాటకే తెలుస్తుంది. మా తాతగారి పెంకుటింట్లో ఇవే పెట్టెలు ఇంకా బాగా పలికాయి.

చేతిలో రెండు వేలకి కాస్త అటూ ఇటూ మాత్రమే ఉంటే క్రియేటివ్ పెబుల్ తీసుకోండి. కరెంటు ప్లగ్గు అక్కర్లేదు, యూఎస్‌బీ మీదే నడుస్తుంది. 4.4 వాట్లే గానీ, కోన్లు 45 డిగ్రీలు పైకి తిరిగి ఉంటాయి కాబట్టి బల్ల ముందు కూర్చున్న ఒక్కరికి గొంతు స్పష్టంగా అందుతుంది. మా మేనకోడలు ఆన్‌లైన్ వీణ క్లాసులకి ఇదే వాడుతోంది, టీచరు వేసే గమకాలు ల్యాప్‌టాప్ సొంత స్పీకరులో కంటే ఎంతో విడిగా తెలుస్తున్నాయంటుంది. గదంతా నిండాలంటే మాత్రం ఇంకొన్నాళ్లు ఆగి, డబ్బు కూడబెట్టుకుని 4 అంగుళాల జతే కొనండి.