వంద పూసల దండ: ఒకటి, రెండు తరగతుల్లో ఏడేళ్లు వాడాక

2018 జూన్‌లో బడి తెరిచిన వారమే కొన్నాను, 280 రూపాయలు, సొంత డబ్బే. పది ఎర్ర పూసలు, పది తెల్ల పూసలు, మళ్లీ పది ఎర్రవి, అలా వంద దాకా. పెట్టె మీద గణితమాల అని ఉంది గానీ మా పిల్లలు మొదటిరోజే దండ అన్నారు, ఇప్పటికీ దండే. మాది విశాఖపట్నంలో హార్బర్‌కి దగ్గర్లో ఉన్న ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు కలిపి నా దగ్గరే కూర్చుంటాయి, ఏ ఏడాదైనా ముప్పైకి అటూ ఇటూ.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. కొన్న దండలో 99 పూసలే ఉన్నాయి. నాలుగో పదిలో తొమ్మిదే గుచ్చారు. నేను చూసుకోకుండా గోడకి కట్టేసి మూడు వారాలు దాంతోనే పాఠం చెప్పేశాను. ఒకరోజు రెండో తరగతి పిల్ల ఒకతె “టీచర్, ఈ తెల్లవాట్లో ఒకటి తక్కువుంది” అంది. సరిగ్గా లెక్కపెట్టలేదేమో, మళ్లీ లెక్కపెట్టు అన్నాను. మళ్లీ తొమ్మిదే అంది. మూడోసారి కూడా లెక్కపెట్టించి, అప్పుడు గానీ కుర్చీలోంచి లేవలేదు నేను. లేచి చూస్తే తొమ్మిదే. అమ్మిన అతన్ని అడిగితే “ఒక్క పూసకేటి మేడమ్ అంత గొడవ” అన్నాడు. ఆ ఒక్క పూస వల్ల 39 తర్వాత మా క్లాసులో ప్రతి సంఖ్యా ఒకటి జరిగిపోయింది నాయనా, అదీ గొడవ.

దారం కూడా అంతే. దాంతో వచ్చిన నూలు దారం ఏడాదిన్నరకే పుటుక్కుమంది, పూసలు వరండా దాకా దొర్లాయి, ఆ పూట లెక్కల పీరియడ్ అంతా బీరువా కింద వెతుక్కోవడమే (ఏరినవాటిని పదేసి కుప్పలు పెట్టించాను, పూర్తిగా వృథా పోలేదు). తర్వాత పూర్ణామార్కెట్‌లో నైలాన్ తాడు కొని గుచ్చాను, అది ఇప్పటికీ ఉంది. గుర్తు పెట్టడానికి బట్టల క్లిప్పులు వాడతాం. స్టీలువి మాత్రం వద్దు, ఈ సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలో తుప్పు పట్టి తెల్ల పూసలకి మరకలు చేస్తాయి.

ఇక అసలు సంగతి. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ దండ విలువ నాకు రెట్టింపైంది. పదమూడు అన్నప్పుడు పది, మూడు రెండూ చెవికి వినిపిస్తాయి. థర్టీన్‌లో పది ఎక్కడుందో ఆరేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది? పైగా దాని పక్కనే కవలపిల్లలా థర్టీ. దండ మీద థర్టీన్ చూపించమంటే ఒక ఎర్ర పది దాటి మూడు తెల్లవి, థర్టీ అంటే మూడు రంగుల గుంపులు పూర్తిగా. నేను రెండు భాషల్లోనూ పలికిస్తూ చూపిస్తాను. ఇరవై తొమ్మిది తర్వాత “ఇరవై పది” అనే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్లని తప్పు అనబుద్ధి కాదు నాకు, లెక్క సరైనదే, పేరే తెలియదు. ఆ పదో పూసతో ఆ రంగు అయిపోతోంది కాబట్టి కొత్త పేరు కావాలని వాళ్లకే తోస్తుంది.

తీసివేతలు చూడండి. 52 లోంచి 48 తీసెయ్యమంటే పలక మీద 16 రాసేవాళ్లు సగంమంది. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచే రెండు తీసేస్తారు, ఐదులోంచి నాలుగు, అయిపోయింది. ఒక కుర్రాడు, వాళ్లమ్మ హార్బర్‌లో చేపలమ్ముతుంది, సెలవు రోజుల్లో వీడూ బుట్ట దగ్గర కూర్చుంటాడు, వీడు కూడా 16 రాశాడు. దండ దగ్గరికి తీసుకెళ్లి 48 పూసల తర్వాత ఒక క్లిప్పు, 52 పూసల తర్వాత ఒకటి పెట్టించాను. మధ్యలో రెండు ఎర్రవి, రెండు తెల్లవి. వాడు కాసేపు చూసి “చిల్లర లెక్క టీచర్ ఇది” అన్నాడు. అవును మరి, 48 రూపాయలకి 52 ఇస్తే యాభైకి రెండు, పైన ఇంకో రెండు, అలాగే కదా చిల్లర లెక్కపెట్టేది. బుట్ట దగ్గర రోజూ చేసే లెక్కే పలక మీదకొచ్చేసరికి వేరే లెక్కైపోయింది వాడికి.

హాలండ్‌లో గణిత బోధకులు ఈ పూసల దండని ఖాళీ సంఖ్యారేఖకి (అంకెలేవీ లేని ఒట్టి గీత, కావాల్సిన సంఖ్యలు పిల్లలే రాసుకుంటారు) ముందు మెట్టుగా వాడారు. నేను ఆ రెండో మెట్టు మొదటి రెండేళ్లు పట్టించుకోలేదు, అది నా తప్పు. దండ ఉంటే టకటకా చెప్పే పిల్లలు పరీక్షలో గోడ వంక చూస్తూ కూర్చున్నారు, గోడ మీద దండ లేదు, నేనే తీసేశాను. టెన్షన్ వాళ్లకి కాదు, నాకు. ఇప్పుడు దసరా సెలవులు అయ్యాక దండ పక్కనే పలక మీద ఒక గీత గీయించి 48, 50, 52 అని గెంతులు వేయిస్తాను, సంక్రాంతి తర్వాత గీత ఒక్కటే. అడిగినవాళ్లకి దండ ఇస్తాను, అడగడం మానేస్తారు నెమ్మదిగా.

ఇంకొక చిక్కుంది, కొత్తగా వాడేవాళ్లందరికీ వస్తుంది. ఏడు అంటే ఏడో పూస మీద క్లిప్పు పెట్టాలా, ఏడు పూసలయ్యాక సందులో పెట్టాలా? సందులోనే. పూస మీద పెట్టనిస్తే 48 నుంచి 52 దాకా ఐదు అని చెప్తారు, ఎందుకంటే రెండు చివర్లూ లెక్కపెట్టేస్తారు. మొదటి వారమే ఇది తేల్చుకోకపోతే ఏడాదంతా సతాయిస్తుంది.

తీసివేతల్లో పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం మాత్రం దీంతో చెప్పలేరు, ప్రయత్నించి భంగపడ్డాను. పదిని విప్పి పది ఒకట్లు చెయ్యడం చేత్తో తెలియాలి, దండలో పూసలన్నీ ఒకే తాడుకి ఉన్నాయి, విప్పేదేముంది. దానికి చీపురుపుల్లల కట్టలే రాజు. రబ్బరు బ్యాండు తీస్తే కట్ట పుల్లలైపోతుంది, పిల్లకి అర్థమైపోతుంది. (మా వేసవికి రబ్బరు బ్యాండ్లు కరిగి పుల్లలకి అంటుకుంటాయి, నేను ఊలు దారం వాడతాను.) దండ వందకే ఆగిపోతుంది కూడా. నిపుణ్ భారత్ (చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన పథకం) లక్ష్యాల్లో ఒకటో తరగతికి 99 దాకా, రెండుకి 999 దాకా ఉంది, అంటే రెండో తరగతి మధ్యలోనే ఇది చాలదు. పది దండలు కలిపి వెయ్యి చేద్దామని ఒకసారి సరదా పడ్డాను, మూడు దండలకే వరండా చివరికొచ్చేశాం.

పిల్లకొకటి చొప్పున ఇచ్చే చిన్న దండలు ఇరవై పూసలవి నేనే గుచ్చాను. 8కి 5 కలపడం లాంటివాటికి అవి చాలు, ముందు రెండు జరిపి పది చెయ్యడం, తర్వాత మూడు. పూసలు బఠాణీ గింజంత ఉన్నవి కొనకండి, ఒకటో తరగతి పిల్లలు ముక్కులో పెట్టుకుంటారు. చప్పుడు కూడా భరించాలి, ముప్పైమంది ఒకేసారి టకటకలాడిస్తే పక్క క్లాసు మాస్టారు తలుపు దగ్గరికొచ్చి ఓ చూపు చూసి వెళ్తారు.

కొంటే నైలాన్ తాడుది కొనండి, తాడు పూసలకంటే జానెడు పొడుగుండాలి, లేకపోతే పూసలు జరగవు. షాపులోనే పదులు పదులుగా లెక్కపెట్టుకోండి, షాపతను నవ్వినా సరే.