యునొమినేనా, కవయునా?

జపాన్‌లోని కుమనో కోదో అనే పాత తీర్థయాత్రా దారిలో హోంగూ ఆలయ దర్శనం అయ్యాక కాళ్ల నొప్పులు తీర్చుకోవడానికి దగ్గర్లోనే యునొమినే, కవయు అనే రెండు వేడినీటి ఊటల ఊళ్లున్నాయి.

ఖర్చు: యునొమినేలో త్సుబోయు అనే చిన్న వేడినీటి స్నానగదిలో స్నానానికి టికెట్టు కొనాలి. కవయులో నది ఒడ్డున గుంట తవ్వుకుంటే ఉచితం.

శ్రమ: యునొమినేకు కొండదారిలో సుమారు 3 కిలోమీటర్లు నడవవచ్చు. కవయులో పార పట్టాలి, మరిగే ఊటలో నది నీరు కలుపుకోవాలి.

చిక్కు: త్సుబోయు ఇద్దరు ముగ్గురు పట్టే చెక్క గది. వంతుకు 30 నిమిషాలే, వరుసలో ఆగాలి. ఈలోగా వీధిలోని వేడి ఊటలో వలసంచితో గుడ్లు ఉడకబెట్టుకోవచ్చు. నాకైతే స్నానం కంటే అదే ఇష్టం! కవయులో నది పొంగితే గుంట గల్లంతే.

మొహమాటం: త్సుబోయులో బట్టల్లేకుండానే దిగాలి, అయితే తలుపు మూసుకోవచ్చు. నదిలో ఈత దుస్తులు చాలు.

యాత్రాభావంతో వెళ్లేవారికి, జంటలకు యునొమినే; పిల్లలున్నవారికి కవయు.