ఓల్డ్‌టైమ్ సంగీతంలోకి ఫిడిల్‌తోనా, బాంజోతోనా?

అమెరికాలోని అపలాచియన్ కొండల జానపద సంగీతమైన ఓల్డ్‌టైమ్‌ను నేర్వదలచినవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది. నార్త్ కరోలినాకు చెందిన టామీ జారెల్ (1901–1985) రెండింటినీ వాయించి, తన ఇంటికి వచ్చిన యువకులకు నేర్పారు గానీ, ప్రారంభకులు ఒక్కదానినే ఎంచుకోవడం మేలు.

ఖర్చు: ఫిడిల్ అంటే వయొలినే కనుక అద్దెకు తేలికగా దొరుకుతుంది, డప్పులాంటి గుండ్రని ఒంటి మీద తీగలు బిగించిన ఐదు తీగల బాంజో అంత తేలికగా దొరకదు.

శ్రమ: ఫిడిల్‌కు మెట్లు లేవు, స్వరస్థానాన్ని చెవితోనే పట్టాలి, కమాను లొంగడానికి ఏళ్లు పడుతుంది. బాంజోకు మెట్లుంటాయి, గోటితో తీగను కిందికి కొట్టి, బొటనవేలితో ఐదో తీగను మీటే క్లాహ్యామర్ పద్ధతి మొదట వింతగా తోచినా, లయ కుదిరితే నెలల్లోనే బృందంలో కూర్చోవచ్చు.

ఇబ్బంది: బాణీని నడిపించేది ఫిడిల్ కాబట్టి అది తడబడితే ఫ్లాట్‌ఫుట్ (పాదాలను నేలకు దగ్గరగా ఉంచి లయకు అడుగులు వేసే జానపద నృత్యం) నర్తకుల అడుగులూ తడబడతాయి, బాంజో పొరపాట్లు అంతగా బయటపడవు, అయితే శ్రుతి మారినప్పుడల్లా తీగలను మళ్లీ సవరించుకోవాలి.

కర్ణాటక వయొలిన్ నేర్చిన తెలుగువారికి ఫిడిల్ దగ్గరిదే, కాకపోతే గమకాన్ని పక్కనపెట్టి కమాను ఊపును కొత్తగా అలవరచుకోవాలి. సంగీతానుభవం లేకుండా, నృత్యబృందాలతో త్వరగా కలవాలనుకునేవారికి నా సలహా నిస్సందేహంగా బాంజోయే.