తెర మినుకుమంటే ముందు కేబులా, డ్రైవరా?

మానిటర్ మినుకుమినుకుమన్నా, ఉన్నట్టుండి నల్లబడి మళ్ళీ వెలిగినా చాలామంది ముందు డ్రైవర్ మీదే, అంటే కంప్యూటర్‌లో బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మీదే పడతారు. పాతది తీసేసి కొత్తది వేస్తారు, మూడుసార్లు రీస్టార్ట్ చేస్తారు. గంట పోతుంది, టెన్షన్ మిగులుతుంది. నేనైతే కేబుల్‌తోనే మొదలుపెట్టమంటాను. రెండు చివరలూ ఊడదీసి గట్టిగా బిగించడానికి, ఇంకో కేబుల్ ఉంటే అది వేసి చూడటానికి రెండు నిమిషాలు చాలు. చెడిపోయేదీ ఏమీ ఉండదు.

వైరు కదిపినప్పుడల్లా తెర పోతుంటే, బొమ్మ మీద మెరుపు చుక్కలు వస్తుంటే అనుమానం కేబుల్ మీదే. 4కె మానిటర్ 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు బొమ్మ మారడం) దాటనంటున్నా ముందు చూడాల్సింది కేబుల్, పోర్టులనే. కంప్యూటర్‌ను తెరకు కలిపే హెచ్‌డీఎంఐ కనెక్షన్‌లో పాత రకమైన 1.4, 4కెలో మోయగలిగేది అంతవరకే. 60 కావాలంటే రెండు వైపులా 2.0 పోర్టులు, సెకనుకు 18 గిగాబిట్లు మోసే కేబుల్ ఉండాలి. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా ఈ లెక్క మారదు.

అలాగని డ్రైవర్‌ను వదిలేయమని కాదు. గొడవ అప్‌డేట్ తర్వాతే మొదలైతే, లేదా విండోస్‌లో కంప్యూటర్ భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని (అసలు డ్రైవర్ లేనప్పుడు వచ్చే పేరు) కనిపిస్తే నేరుగా డ్రైవర్ దగ్గరికే వెళ్ళండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. అన్నిటితోపాటు అదీ మినుకుతుంటే చాలావరకు డ్రైవరే. అదొక్కటే నిలకడగా ఉంటే ఏదో యాప్ పని. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్ళు అలాగే ఉంటాయి.

తెర మీద గీతలు వస్తే మాత్రం నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష మానిటర్ బటన్లతో వచ్చే సొంత మెనూ. ఆ మెనూ కంప్యూటర్ నుంచి రాదు. గీతలు దాని మీదుగా కూడా పోతుంటే లోపం మానిటర్‌లోనే ఉంది, కేబుల్, డ్రైవర్ రెండూ వదిలేయవచ్చు. మెనూ శుభ్రంగా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి వేరే తెర మీద చూడండి. గీత అందులోనూ పడితే తప్పు కంప్యూటర్‌దే.

తెర పూర్తిగా నల్లగా ఉంటే టార్చ్ ఏటవాలుగా వేయండి. బొమ్మ లీలగా కనిపిస్తే బ్యాక్‌లైట్, అంటే తెర వెనకనుంచి వెలిగే దీపం పోయినట్టు. అప్పుడు మీరే విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపల కరెంటు దాచుకునే కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది, షాక్ కొడుతుంది.