పట్టిందీ మేమే, కొన్నదీ మేమే: రాయలచెరువు దగ్గర చేపల వేట

గాలం వేసి మనం పట్టుకున్న చేపకు మన చేతే కిలోకు 280 రూపాయలు కట్టించుకునే చోటు తిరుపతి దగ్గర ఉందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు రుజువు నా ఫోన్‌పేలోనే ఉంది.

మా బావమరిది హైదరాబాదు నుంచి దర్శనానికి వచ్చాడు. దర్శనం సాఫీగా అయిపోయింది. మర్నాడు చంద్రగిరి కోట చూశాం. రాజమహల్ బాగుంది, శుక్రవారం మాత్రం పోకండి, మ్యూజియానికి సెలవు. అక్కడితో ఇంటికొచ్చి పడుకోవాల్సింది. కానీ అతనికి గాలం పిచ్చి. ‘బావా, రాయలచెరువు వ్యూ అంట, ఫిషింగ్ అంట, రాత్రి బస కూడా అంట’ అని ఫోన్ చూపించాడు. గది 2,800. ముందుగా వెయ్యి పంపించాం.

గదిలో వ్యూ అంటే కిటికీ తెరవగానే కనబడే రేకుల షెడ్డు. చెరువు చూడాలంటే నీళ్ల ట్యాంకు మీదికెక్కాలి. ఫిషింగేమో షెడ్డు వెనక వాళ్లు తవ్వుకున్న కుంటలో. గాలానికి మనిషికి 300. అదీ ఒక వెదురు కర్ర, నైలాన్ దారం, తుప్పు పట్టిన కొక్కెం. బెండు కూడా లేదు, మా వాడు చెప్పు ముక్క కోసి కట్టుకున్నాడు. కొబ్బరి చిప్పలో నాలుగు వానపాములు పెట్టి 60 తీసుకున్నారు.

రెండు గంటలు కూర్చున్నా దారం కదల్లేదు. ఎందుకా అని చూస్తే, కుంట మధ్యలో కర్రలకు చిల్లుల సంచులు వేలాడుతున్నాయి. వాటి నిండా తవుడు. చేపలన్నీ ఆ సంచుల చుట్టూ మూగి బుడగలు వదులుతున్నాయి. అటు వేద్దామంటే ‘అక్కడ వేయకూడదు సార్, మేత చోటు’ అన్నాడు పనివాడు. చివరికి ఒక శీలావతి పడింది, కిలోంబావు ఉంటుంది. తీసుకుపోదామంటే కాటా తెచ్చారు. ‘గాలం అద్దె వేరు, చేప ఖరీదు వేరు సార్.’ 350 కట్టాం. వండి పెట్టమంటే ఇంకో 250 అన్నారు. అప్పటికే మా ఆవిడ తమ్ముడితో మాట్లాడటం మానేసింది. రాత్రి ఫ్యాన్ తిరగలేదు, దోమలు మాత్రం ప్యాకేజీలోనే వచ్చాయి.

పొద్దున్నే ఆటోవాణ్ణి పిలిపించుకుని అసలు చెరువు కట్ట మీదికి పోయాం. అక్కడ ఎవడూ ఒక్క రూపాయి అడగలేదు. రెండు కొండల మధ్య కట్ట కట్టిన పెద్ద చెరువు, కృష్ణదేవరాయల కాలం నాటిదని చెబుతారు. వానలు పడ్డాక పోయాం కాబట్టి నీళ్లు నిండుగా ఉన్నాయి. 2021 నవంబరు వానలకు ఈ కట్టకే లీకు పడి, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆటో అతను ఆ సంగతి చెబుతుంటే మా ఆవిడ కట్ట అంచు నుంచి వెనక్కి జరిగింది.

థర్మాకోల్ తెప్ప మీద వల తీసుకుని ఒకాయన ఒడ్డుకొచ్చాడు. మా కుంట కథ విని పడీ పడీ నవ్వాడు. ‘అవి తవుడు మింగి కూర్చోనుండాయి సామీ, మీ ఎర ఎందుకు ముడతాయి?’ వలలోంచి ఒక బొచ్చె తీసి మా వాడి చేతిలో పెట్టాడు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, నోరు పైకి తిరిగి ఉంది. ‘ఇది పైన తినే చేప. శీలావతి నడిమధ్యలో, మోసు బురదలో. అడుక్కి ఎర వేసి బొచ్చె కావాలంటే ఎట్ల?’ హైదరాబాదులో ఇన్నేళ్లు గాలం వేసినా ఎవరూ చెప్పలేదని మా వాడు మురిసిపోయాడు. అక్కాతమ్ముళ్ల మాటలు మళ్లీ మొదలైంది ఇక్కడే. రెండు కిలోల బొచ్చె 320కి ఇచ్చాడు.

ఆయనే చూపించిన చిన్న మెస్సులో వండించుకున్నాం. చింతపండు పులుసులో పుల్లమామిడి ముక్కలు, పైన దంచిన మెంతిపిండి, పక్కన రాగి సంకటి. వండినందుకు 200, సంకటి ముద్ద 30. వండిన మెస్సు ఆమె చేప తల మా వాడికే వేసి ‘తినబ్బా, చిక్కిపోయినావు’ అంది. తొంభై కిలోల మనిషిని! రెండో ముద్ద అడగకుండానే పెట్టింది. ఈ పులుసు కోసమైతే ఇంకోసారి పోతాను.

మీరు పోయేట్టయితే బస గొడవ పెట్టుకోకండి, తిరుపతిలోనే ఉండండి. ఆటోకి రానూ పోనూ 700 ముందే మాట్లాడుకోండి, అక్కడ తిరుగు ఆటో దొరకదు. పెద్ద చెరువుల్లో చేపల హక్కు మామూలుగా వేలంలోనో, మత్స్యకారుల సంఘానికో పోతుంది. కాబట్టి అడగకుండా గాలం వేయకండి. మేం అడిగితే ఒక గంట ఊరికే వేసుకోనిచ్చారు, ఒక జిలేబీ చేప పడింది. దానికి కాటా తెచ్చినవాడు లేడు.

గది ఓనరు మాత్రం రోజూ మెసేజ్ పెడుతున్నాడు, అయిదు స్టార్లు ఇవ్వమని.