డబ్బు ఇవ్వాలా, సుత్తి పట్టాలా?

ఈ రెండు నెలల్లో ఇదే ప్రశ్న నాకు వాట్సాప్‌లో నాలుగోసారి. "అన్నా, హాబిటాట్‌కి డబ్బు ఇస్తే మేలా, వెళ్ళి పని చేస్తే మేలా?" అడిగినవాళ్ళలో ఇద్దరు ఇక్కడ అమెరికాలో, షార్లెట్‌లో మా చుట్టుపక్కల ఉండేవాళ్ళే, ఒకరు డాలస్, ఒకరు అట్లాంటా. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టేసరికి నా గొంతు పోయింది. అందుకని ఒకేసారి రాసేస్తున్నా.

హాబిటాట్ అంటే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి వాలంటీర్లతో ఇళ్ళు కట్టే సంస్థ. అది ఏం చేస్తుందో ఇక్కడ చాలామందికి తెలుసు. అయినా "ఇళ్ళు ఫ్రీగా ఇస్తారంట కదా" అనేవాళ్ళు ప్రతిసారీ ఒకరుంటారు కాబట్టి రెండు ముక్కలు. ఫ్రీ కాదు. కుటుంబం అప్పు మీదే ఇల్లు కొనుక్కుంటుంది. వడ్డీ ఉండదు, లేదా చాలా తక్కువ ఉంటుంది. నెల వాయిదా వాళ్ళ ఆదాయంలో 30 శాతం దాటకుండా చూస్తారు. పైగా ఆ కుటుంబమే సైటులో పని చేయాలి, చోటును బట్టి రెండు మూడు వందల గంటలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. వాళ్ళు కట్టే వాయిదాలు ఇంకో ఇంటికి వెళ్తాయి. 1976లో ఫుల్లర్ దంపతులు జార్జియాలో అమెరికస్ అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టినప్పటి నుంచీ లెక్క ఇదే: డబ్బు ఒక ఇంటి దగ్గర ఆగిపోదు, తిరుగుతూ ఉంటుంది.

ఇక అసలు సంగతి. ముందు నా మొదటి శనివారం గురించి చెప్పాలి.

మా ఆఫీసు నుంచి పన్నెండు మందిమి వెళ్ళాం. అందరికీ ఒకే రంగు టీ షర్టులు, తలకి హెల్మెట్లు, గంటసేపు ఫొటోలు. ఆ తర్వాత మాకు ఒక గోడ ఫ్రేము అప్పజెప్పారు. ఇక్కడి ఇళ్ళకి గోడ అంటే ఇటుక కాదు కదా, నిలువు చెక్కలు. ఒక చెక్క మధ్య నుంచి ఇంకో చెక్క మధ్యకి 16 అంగుళాలు. అడుగున పడుకోబెట్టిన పొడుగు చెక్క మీద ముందే పెన్సిలుతో గీతలు గీసి, ప్రతి గీత పక్కనా ఒక ఇంటూ గుర్తు పెట్టి ఉంచారు. ఇంటూ ఉన్న వైపు చెక్క నిలబెట్టాలి. పొద్దున చెప్పారు, మేం విన్నాం, మర్చిపోయాం. నలుగురం కలిసి గోడ సగానికి పైగా గీతకి అవతలి వైపు కొట్టేశాం. అంటే ఒకటిన్నర అంగుళం పక్కకి జరిగింది. ఒకటిన్నర అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ దాని మీద వేసే షీటు నాలుగడుగుల వెడల్పుది. దాని అంచు సరిగ్గా చెక్క మీదికి రావాలి, లేకపోతే మేకు గాల్లోకి దిగుతుంది. మా షీట్ల అంచులన్నీ గాల్లోనే ఉన్నాయి.

అది ఎవరు సరిచేశారో రెండు నెలల తర్వాత తెలిసింది. బుధవారాల్లో వచ్చే రిటైరైన పెద్దమనుషుల బ్యాచ్ ఒకటుంది. వాళ్ళు మేకులు పీకే ఇనప కడ్డీలతో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని ఒక్కొక్క చెక్కా ఊడదీసి మళ్ళీ కొట్టారట. వాళ్ళలో ఒకాయన నన్ను చూసి నవ్వి, "ఓ, ఆ గోడ మీదేనా" అన్నాడు. ఆయన పదకొండేళ్ళుగా వస్తున్నాడు. నేను అప్పటికి రెండోసారి.

నా సమాధానం ఆ గోడ దగ్గరే దొరికింది. డబ్బా, పనా అన్నది తర్వాత. "మళ్ళీ వెళ్తారా?" అన్నదే మొదట అడగాల్సింది. ఏడాదికి ఒక్క శనివారమే కుదిరేవాళ్ళయితే మొహమాటం లేకుండా డబ్బు ఇవ్వండి. మొదటిసారి వచ్చిన మనిషికి పని నేర్పాలి, కనిపెట్టుకుని ఉండాలి, ఒక్కోసారి మా గోడలా విప్పి మళ్ళీ కట్టాలి. మూడోసారి వచ్చేసరికి గీత పక్కన ఇంటూ మన కంటికి దానంతటదే కనపడుతుంది. ఆరోసారి వచ్చేసరికి కొత్తవాళ్ళ పక్కన మనల్ని నిలబెడతారు. అక్కడి నుంచే మన గంటకి విలువ.

జిమ్మీ కార్టర్‌ని అందరూ మాజీ అధ్యక్షుడు సుత్తి పట్టాడని గుర్తు పెట్టుకుంటారు. నాకు ఆయనలో నచ్చింది అది కాదు. హాబిటాట్‌తో పని 1984లో మొదలుపెట్టాడు, 2019లో నాష్‌విల్‌లో కూడా ఉన్నాడు. అప్పటికి ఆయనకి 95 ఏళ్ళు. పని మొదలయ్యే ముందు రోజే ఇంట్లో పడి నుదుటి మీద 14 కుట్లు పడ్డాయి, కన్ను కమిలి నల్లగా ఉంది, అయినా వచ్చాడు. 1987లో మా షార్లెట్‌లో కూడా ఇళ్ళు కట్టి వెళ్ళాడు. ఒక్కసారి వచ్చి ఫొటో దిగి వెళ్ళిపోయి ఉంటే ఆయన పేరు ఎవరూ ఇంతలా చెప్పుకునేవాళ్ళు కాదు.

అలాగని డబ్బుని తక్కువ చేయడం లేదు. సైటులో నాలుగు రోజులు తిరిగితే తెలుస్తుంది, సుత్తితో కానివి చాలా ఉన్నాయి. స్థలం కొనాలి. పర్మిట్లు కట్టాలి. కరెంటు పని, ప్లంబింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళే చేయాలి, వాళ్ళకి కూలి ఇవ్వాలి. కాంక్రీటు లారీ వాలంటీరుగా రాదు. శనివారాల స్లాట్లు మా దగ్గర ముందే నిండిపోతాయి. స్థలాలు అలా దొరకవు. కాబట్టి మనసులో "డబ్బు పడేసి చేతులు దులుపుకున్నట్టు ఉంటుందేమో" అని గిల్ట్ పెట్టుకోకండి. నెలకి 30 డాలర్లు ఆటోపేలో పెట్టి మర్చిపోయినా, ఏడాదంతా ఎంత వస్తుందో వాళ్ళకి ముందే తెలుస్తుంది. అదీ ఒక రకంగా మళ్ళీ మళ్ళీ రావడమే.

టాక్స్ గురించి కూడా అడుగుతున్నారు. మనం పెట్టిన గంటలకి టాక్సులో ఏమీ రాదు, మన జీతం గంటకి ఎంతున్నా సరే. సైటుకి కారు నడిపినందుకు మైలుకి 14 సెంట్లు చూపించుకోవచ్చు, అదీ ఐటమైజ్ చేసేవాళ్ళకే, అంటే స్టాండర్డ్ డిడక్షన్ వద్దని మినహాయింపులు ఒక్కొక్కటీ విడిగా చూపించేవాళ్ళకే. డబ్బు ఇస్తే ఇన్నాళ్ళూ (2020, 2021 తప్ప) ఐటమైజ్ చేసేవాళ్ళకే లాభం ఉండేది. 2026 నుంచి చేయనివాళ్ళు కూడా ఒంటరిగా ఫైల్ చేస్తే 1,000 డాలర్లు, జంటగా అయితే 2,000 డాలర్ల దాకా నగదు విరాళాన్ని టాక్సు పడే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. మన ఐటీ జనం ఎక్కువగా పట్టించుకోనిది ఇంకోటుంది: ఏడాదికి పైగా అట్టిపెట్టుకుని బాగా పెరిగిన కంపెనీ షేర్లు. వాటిని అమ్మి డబ్బు ఇచ్చే బదులు షేర్లుగానే ఇస్తే, పెరిగిన దాని మీద టాక్సు కట్టక్కర్లేదు, ఐటమైజ్ చేసేవాళ్ళు, పరిమితులకి లోబడి, కొన్న ధర కాకుండా ఇప్పటి ధరనే చూపించుకోవచ్చు.

ఇంకో కిటుకు. చాలా కంపెనీలు విరాళానికి మ్యాచింగ్ ఇస్తాయని, అంటే మనం ఇచ్చినదానికి తోడుగా తామూ వేస్తాయని అందరికీ తెలుసు. కానీ కొన్ని కంపెనీలు మనం వాలంటీరుగా పెట్టిన గంటలకి కూడా గంటకి ఇంత అని ఆ సంస్థకి డబ్బు పంపుతాయి. మీ హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఒకసారి వెతకండి. నాకు మూడేళ్ళు తెలియలేదు. అది ఉన్నవాళ్ళకి డబ్బా, పనా అన్న ప్రశ్నే ఉండదు, సుత్తి పడితే డబ్బూ వెళ్తుంది.

హెచ్-4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకి తోడుగా వచ్చిన వీసా మీద ఉన్న ఆడవాళ్ళు భయపడుతూ అడుగుతారు, మామూలుగా ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు కాబట్టి. మామూలుగా వాలంటీర్లే చేసే పని, లాభాపేక్ష లేని సంస్థ, జీతం లేదు, అలాంటప్పుడు ఇబ్బంది లేదు. టీ షర్టూ, మధ్యాహ్నం పిజ్జా తప్ప ఏమీ పుచ్చుకోకండి. ఇంకా టెన్షన్ ఉంటే మీ లాయరుని ఒక మాట అడగండి. నిజానికి వారం మధ్యలో తీరిక ఉన్నవాళ్ళే సైటుకి బంగారం. శనివారం మాలాంటి గుంపు వస్తుంది, అసలు పని నడిచేది మామూలు రోజుల్లో.

"మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, కాలేజీ అప్లికేషన్‌కి గంటలు కావాలి" అనే తల్లిదండ్రులకి: కట్టే చోట పనికి 16 నిండాలి, 18 లోపు వాళ్ళని కరెంటు రంపాలు ముట్టుకోనివ్వరు, పైకప్పు ఎక్కనివ్వరు. అంతే.

రీస్టోర్ సంగతి కూడా అడిగారు. 1991లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలైన హాబిటాట్ వాళ్ళ పాత సామాను కొట్లు అవి. వంటిల్లు రీమోడల్ చేయిస్తుంటే పాత క్యాబినెట్లు చెత్తలో వేయకండి, వాళ్ళకి ఇవ్వండి. మంచిదే. దీన్ని పైవాటితో పోల్చేంత లేదు.

ఇక పోల్చి తీరాల్సింది ఒకటుంది. అది నా నోట్లోంచి కాదు, మా నాన్న నోట్లోంచి వచ్చింది.

నాన్న పంచాయతీరాజ్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. మాది ఖమ్మం జిల్లా. పోయిన వేసవిలో వచ్చినప్పుడు సైటు చూపించాను. చెక్క గోడ మీద వేలితో రెండుసార్లు తట్టి, "ఏందిరా ఇది, ఇల్లా, అగ్గిపెట్టెనా?" అన్నాడు. మేకుల వరస మాత్రం శ్రద్ధగా చూశాడు. తిరిగొస్తూ కారులో అడిగాడు: "ఇక్కడోళ్ళకి కట్టిపెడుతున్నవు, బాగనే ఉంది. మన ఇంటెనక మీ చిన్నమ్మ రేకుల షెడ్డులో ఉన్నది, ఎరికేనా?"

వరసకి చిన్నమ్మ. ఆమెకి ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. 5 లక్షలు, కానీ ఒక్కసారి రావు, పని నడిచేకొద్దీ బిల్లులు పడతాయి. మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే. ముగ్గు పోసి వెళ్ళారు, ఆ ముగ్గు మీద గడ్డి మొలిచింది. ఫోనులో ఆమె అన్నది ఒక్కటే: "బేస్‌మెంట్ దాకా లేపితేగాని బిల్లు పడదంట నాయనా, లేపే డబ్బులుంటే నాకు బిల్లెందుకు?"

ఒక పక్క ఇదీ, ఇంకో పక్క హాబిటాటూ పెట్టి చూసుకుంటే నాకు కొంచెం సిగ్గేసింది. అన్నట్టు, హాబిటాట్ ఇండియాలో మొదట అడుగుపెట్టింది 1983లో, మా ఖమ్మంలోనే. మావాళ్ళలో ఎవరికీ తెలియదు, నాకూ ఇక్కడికొచ్చాకే తెలిసింది.

నలుగురు స్నేహితులం తలా 500 డాలర్లు వేశాం. లక్షా డెబ్బై వేల దాకా అయింది. దానంగా ఇవ్వలేదు. వడ్డీ లేని చేబదులు, బిల్లు పడగానే తిరిగి ఇవ్వాలి, ఆ డబ్బు ఇంకో ఇంటి బేస్‌మెంట్‌కి వెళ్తుంది, ఇదీ మాట. నాన్నే వెళ్ళి పునాది కొలిపించాడు, ఎందుకంటే ఇల్లు 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతుంది. మేస్త్రీ "ఒక్క అడుగే కదా సార్" అంటే ఒప్పుకోలేదట. ఇరవై ఆరు రోజుల్లో బేస్‌మెంట్ లేచింది. ఫొటో తీసుకెళ్ళారు, కొన్ని వారాలకి బిల్లు పడింది, చిన్నమ్మ లక్ష తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. మిగతా డెబ్బై వేలు స్లాబు అయ్యాక అంది. ఆ లక్షతో ఇంకో రెండు వీధుల అవతల రెండో ఇంటి పునాది తవ్వారు.

ఇక్కడ ఇచ్చే డాలరుకి అక్కడ జరిగే పని ఎక్కువ, అందులో అనుమానం లేదు. కానీ ఊళ్ళో రోజూ వెళ్ళి చూసే మనిషి ఉండాలి. మాకు నాన్న ఉన్నాడు. వాట్సాప్ ఫొటో నమ్మి పంపేవాళ్ళు ఒకే గోడ ఫొటో మూడు కోణాల్లో చూసి మురిసిపోయిన సందర్భాలు నాకు తెలుసు. రెండోది, ఒక మనిషికి నేరుగా పంపిన డబ్బుకి ఇక్కడ టాక్సు మినహాయింపు రాదు. మూడోది, ఇది మనవాళ్ళకి చేసుకునేది. ఇక్కడ మనం ఉంటున్న ఊళ్ళో, మన పిల్లల బడిలో మధ్యాహ్నం అన్నం వడ్డించే మనిషికి అద్దె కట్టలేక ప్రతి ఏడాదీ ఇల్లు మారే కష్టం ఉంటే, దానికి ఇది జవాబు కాదు.

అందుకని నా వరకు లెక్క ఇలా తేలింది. పని నెలకో శనివారం ఇక్కడ, కంపెనీ దాని తాలూకు డబ్బు హాబిటాట్‌కి పంపుతుంది. చేతి డబ్బు ఊరికి. ఊళ్ళో నమ్మకంగా చూసే మనిషి లేకపోతే రెండూ ఇక్కడే పెట్టేవాణ్ణి. నెలకోసారి వెళ్ళే ఓపిక లేకపోతే సుత్తి మానేసి డబ్బే ఇచ్చేవాణ్ణి, ఆ బుధవారం పెద్దాయనలకి మేకులు పీకే పని తప్పేది.

మొన్న ఆదివారం నాన్న ఫోను చేశాడు. రెండో ఇంటికి బేస్‌మెంట్ బిల్లు పడింది, కానీ ఆ డబ్బు వాళ్ళు గోడలకి వాడేశారట. చిన్నమ్మ డెబ్బై వేలు ఇంకా రావాలి, స్లాబుకి సెంట్రింగ్ కట్టారు. మూడో ఇంటివాళ్ళు రోజూ అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నారు. "ఏం చెప్పమంటవురా వాళ్ళకి?" అన్నాడు. స్లాబు పడనీ నాన్నా, అన్నాను.